టమాటాకు మునగాకు రసం: ఎవరైనా వాడి చూశారా?

రాప్తాడు రైతు
జూలై 6, ఉదయం 5:50

అందరికీ నమస్కారం. మాది రాప్తాడు మండలం. ఎర్ర నేల, బోరు నీళ్లు. ఎకరంన్నరలో టమాటా నారు నాటి నేటికి ఎనిమిది రోజులు. డ్రిప్పు ఉంది, మల్చింగ్ షీటు పరిచాను. నాటే ముందు పశువుల ఎరువు ఐదు ట్రాక్టర్లు తోలాను.

అడగాలనుకున్నది మునగ గురించి. చేని గట్ల మీద నలభై దాకా పీకేఎం-1 మునగ చెట్లున్నాయి. కాయ కోతలు ముగిశాక మే ఆఖరులో వాటిని నడుమెత్తుకు నరికాను. ఇప్పుడు ఒక్కో మోడు గుబురుగా చిగురించింది. ఆ లేత కొమ్మలు రుబ్బి, రసం తీసి కూరగాయ మొక్కలపై కొడితే ఎదుగుదల బాగుంటుందని, పూత నిలుస్తుందని మా మేనమామ చెప్పారు. ఆయన వంగతోటలో వాడారట. ఎన్ని నీళ్లకు ఎంత రసం అని అడిగితే చేతి లెక్కే అన్నారు.

నిరుడు టానిక్కుల డబ్బాలకే అప్పు పడ్డాను. ఏ డబ్బా ఏం చేసిందో నాకు ఈనాటికీ తెలియదు, ఎందుకంటే ప్రతిదీ చేనంతా కొట్టాను. ఈసారి చెట్టు నాది, ఆకు నాది. అయినా తెలియక కొట్టి పైరు పాడు చేసుకోవడం ఇష్టం లేదు. మోతాదు ఎంత, ఏ దశలో కొట్టాలి, ఎన్నిసార్లు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

నల్లరేగడి, కర్నూలు
జూలై 6, ఉదయం 7:15

జాగ్రత్త అన్నా. మా ఊళ్లో ఒకాయన మునగాకు రసంలో బెల్లం వేసి డ్రమ్ములో పన్నెండు రోజులు ఉంచి మిరపపై కొట్టారు. ఆ డ్రమ్ము దగ్గర నిలబడలేకపోయాం, అంత వాసన. మూడో రోజుకే లేత ఆకుల అంచులు మాడాయి. ఆయన పంపుకు రెండు లీటర్లు పోశారు.

మట్టి మాస్టారు
జూలై 6, రాత్రి 8:40

రాప్తాడు రైతు గారూ, మీ ప్రశ్న చూసి సంతోషం కలిగింది. నేను వ్యవసాయ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మునగాకు రసాన్ని పైరుపై పిచికారీ చేసి చూసినవారిలో మొదట చెప్పుకోవలసింది మధ్య అమెరికాలోని నికరాగువాలో పనిచేసిన నికొలాస్ ఫోయిడ్ల్ బృందాన్ని. పలు పంటల్లో 20 నుంచి 35 శాతం దిగుబడి పెరిగిందని వారు నివేదించారు. ఆ తరువాత పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దీనిపై చాలా ప్రయోగాలు జరిగాయి. వారిది ఇంచుమించు ముప్పై రెట్ల నీళ్ల లెక్క.

ఫోయిడ్ల్ పద్ధతి ఇది. నలభై రోజులు మించని లేత కొమ్మలు, ఆకుతో సహా తీసుకోవాలి. పది కిలోలకు ఒక లీటరు నీళ్లు మాత్రమే పోసి రుబ్బి, గుడ్డలో పిండాలి. వచ్చిన రసం ఒక పాలు, నీళ్లు 32 పాళ్లు. అంటే మీ 16 లీటర్ల పంపుకు అర లీటరు రసం. నల్లరేగడి గారు చెప్పిన మిరప ఎందుకు మాడిందో ఇక్కడే అర్థమవుతుంది: అక్కడ మోతాదు నాలుగు రెట్లు, పైగా అది పులిసిన రసం. పులిసినది వేరే పదార్థం. అందులో ఆమ్లాలు, సూక్ష్మజీవులు చేరతాయి. దానికి ఈ లెక్క పనికిరాదు. తీసిన రసాన్ని ఐదు గంటలలోపు కొట్టాలి, లేదంటే డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచాలి. మొక్కకు 25 మిల్లీలీటర్ల చొప్పున నాలుగుసార్లు: మొలిచిన పది రోజులకు, పూతకు నెల ముందు, గింజ కట్టేటప్పుడు, పక్వానికి వచ్చే దశలో. మీది నాటిన పైరు, పూత కూడా త్వరగా వస్తుంది. కాబట్టి నారు నిలదొక్కుకున్నాక ఒకసారి, పూతకు ముందు, తొలి పిందెలప్పుడు, మొదటి కోతకు ముందు అని సర్దుకోండి.

ఎందుకు పనిచేస్తుంది? మునగ చిగుళ్లలో జియాటిన్ అనే సైటోకైనిన్ (మొక్కల ఎదుగుదలను నడిపే ఒక రకం హార్మోను) ఎక్కువగా ఉంటుంది. 1960లలో దాన్ని మొదట మొక్కజొన్న లేత గింజల నుంచి వేరుచేశారు. మొక్కజొన్న శాస్త్రీయ నామం జియా మేస్ కదా, పేరు అక్కడిదే. కణాలు విభజన చెందడానికి, ఆకు త్వరగా పండి రాలకుండా ఉండడానికి అది తోడ్పడుతుంది. దానికి తోడు విటమిన్ సి, ఫినాలిక్ పదార్థాలు, పొటాషియం, కాల్షియం కొంత ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పోషక విలువల పట్టికల్లో వంద గ్రాముల పచ్చి మునగాకుకు సుమారు 6.7 గ్రాముల మాంసకృత్తులు అని ఉంటుంది. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు ఆరో వంతు, కాబట్టి దాన్ని 6.25తో భాగిస్తే నత్రజని ఒక గ్రాము పైచిలుకు. అంటే పది కిలోల ఆకులోని నత్రజని అంతా రసంలోకి దిగినా వంద గ్రాములు. ఎకరా టమాటాకు కావలసింది పదుల కిలోలు. కాబట్టి మునగాకు రసం మొక్కకు అన్నం కాదు, కబురు. "పెరుగు, ఇంకా పచ్చగా ఉండు" అని చెబుతుంది. తినడానికి నేలలో ఏమీ లేకపోతే ఆ కబురు విని మొక్క ఏం చేయగలదు? మీరు ఎరువు తోలారు కనుక మీకు ఈ మాట వర్తించదు, చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

చివరగా ఒక మాట, కొంచెం కఠినంగానే. ఏ డబ్బా ఏం చేసిందో తెలియదన్నారు. ఈసారి కూడా చేనంతా కొడితే మునగ ఏం చేసిందో కూడా తెలియదు. కొన్ని సాళ్లు వదిలిపెట్టండి.

రాప్తాడు రైతు
జూలై 7, ఉదయం 5:35

మాస్టారూ, నమస్కారం. ఇంత వివరంగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సాళ్లు వదలడం అంటే ఎన్ని? ఎలా ఎంచుకోవాలి? మా సాలులో 130 మొక్కల దాకా పడతాయి.

మట్టి మాస్టారు
జూలై 7, ఉదయం 9:10

చేను మధ్యలో పన్నెండు సాళ్లు తీసుకోండి. గట్టు పక్కవి వద్దు, అక్కడ చెట్ల నీడ, మునగ వేళ్లు ఉంటాయి. నాలుగింటికి రసం, నాలుగింటికి ఉత్త నీళ్లు, నాలుగింటికి ఏమీ లేదు. ఒకే రకం నాలుగూ పక్కపక్కన పెట్టకండి, కలిపి వేయండి. ఒకవైపు నేల బలంగా ఉంటే మనం అది మునగ మహిమ అనుకుంటాం. ఉత్త నీళ్లు కొట్టమనడానికి కారణం ఉంది: మన ఎండల్లో ఆకు తడవడమే కొంత మేలు చేస్తుంది. ఆ మేలును విడిగా చూడాలి.

నాలుగు సాళ్లంటే 520 మొక్కలు, మొక్కకు 25 మిల్లీలీటర్లు అంటే 13 లీటర్లు. ఒక పంపు చాలు, అర లీటరు రసం చాలు. కిలో, కిలోంబావు ఆకుతో పని అయిపోతుంది.

మిద్దెతోట, కడప
జూలై 7, మధ్యాహ్నం 2:20

మాస్టారు గారూ, నాకు పొలం లేదు. మిద్దె మీద అరవై కుండీల్లో వంగ, బెండ, టమాటా, గోంగూర పెంచుతాను. గుప్పెడు మునగాకు మిక్సీలో వేసి పిండి, టీ గ్లాసు రసానికి ముప్పై గ్లాసుల నీళ్లు కలిపి కొడుతున్నాను. ఎండాకాలంలో ఆకులు పండిపోయే బెండకు బాగా పనిచేసినట్టు అనిపించింది, కానీ మీరు చెప్పినట్టు వదిలిన కుండీలు లేవు. ఇకమీదట పది వదులుతాను.

ఇంకొక సందేహం. కొబ్బరి నీళ్లు కూడా ఇలాగే పనిచేస్తాయని మా అత్తగారు అంటారు. కొబ్బరికాయ కొట్టిన నీళ్లు ఆవిడ పారపోయరు, కరివేపాకు మొదట్లో పోస్తారు.

వేరు విద్యార్థి, అనంతపురం
జూలై 7, సాయంత్రం 6:05

అక్కా, మీ అత్తగారి మాటలో విషయం ఉంది. 1941లో వాన్ ఓవర్‌బీక్, ఆయన సహచరులు ఉమ్మెత్త గింజల్లోని పిండాలను గాజు పాత్రల్లో పెంచుతూ, కొబ్బరి నీళ్లు చేరిస్తే అవి బాగా పెరుగుతాయని చూపించారు. తరువాత అందులో కూడా సైటోకైనిన్లు ఉన్నాయని తేలింది. చిన్న మొక్క ముక్కల నుంచి గాజు పాత్రల్లో కొత్త మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ప్రయోగశాలల్లో నేటికీ కొబ్బరి నీళ్లు వాడతారు. పులివెందుల వైపు నాటే అరటి మొక్కల్లో టిష్యూ కల్చర్‌వి చాలా ఉన్నాయి కదా, ఆ విద్య చరిత్రలో కొబ్బరికాయకు పెద్ద స్థానమే ఉంది. అయితే అది గాజు పాత్రలో, నేరుగా కణాలకు అందే పద్ధతి. కరివేపాకు మొదట్లో పోస్తే నేలలోని సూక్ష్మజీవులు ముందు తాగేస్తాయి. ఆకు మీద కొట్టడమే మేలు అని నా అభిప్రాయం.

ఇలాంటిదే ఇంకొకటి. పాడి రైతులు లూసర్న్ గడ్డి పెంచుతారు. తరిగిన లూసర్న్‌ను టమాటా మొక్కల దగ్గర నేలలో వేస్తే అవి ఎక్కువ పెరగడం గమనించి అమెరికాలో స్టాన్లీ రీస్ బృందం కారణం వెతికింది. 1977లో దాని నుంచి ట్రయాకొంటనాల్ అనే మైనపు పదార్థాన్ని గుర్తించింది. ఇప్పుడు మందుల అంగళ్లలో ఆ పేరుతో అమ్మే సీసాల కథ మొదలైంది ఆ గడ్డితోనే.

ప్రకృతి సేద్యం, కళ్యాణదుర్గం
జూలై 8, ఉదయం 6:30

మా మహిళా సంఘంలో ఆరేళ్లుగా సప్త ధాన్యాంకుర కషాయం చేస్తున్నాం. మునగ చెట్టు లేనివారికి ఇది అందుబాటులో ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు సాయంత్రం 100 గ్రాముల నువ్వులు నానబెట్టాలి. మరునాడు పెసలు, మినుములు, అలసందలు, శనగలు, ఉలవలు, గోధుమలు వంద గ్రాముల చొప్పున నానబెట్టాలి. ఆ తరువాత నీళ్లు వంపేసి అన్నింటినీ తడిగుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి. మొలకలు సెంటీమీటరు పొడవు వచ్చాక రుబ్బి, 200 లీటర్ల నీళ్లలో, 10 లీటర్ల ఆవు మూత్రంతో కలిపి, వడకట్టి ఎకరాకు కొట్టాలి. నానబెట్టిన నీళ్లు కూడా అందులోనే పోస్తాం. రెండు రోజులు దాటితే వాడం. కాయ ఊరే దశలో, గింజ పాలుపోసుకునే దశలో కొడతాం.

మాస్టారు గారిని ఒకటి అడుగుతాను. మీరు మునగను లెక్కలతో చెప్పారు. మాది లెక్కలు లేని అనుభవమని పక్కన పెడతారా?

మట్టి మాస్టారు
జూలై 8, రాత్రి 9:00

పక్కన పెట్టనమ్మా. మొలకెత్తే గింజలో జిబ్బరెల్లిన్ అనే హార్మోను పుడుతుంది. అదే గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములను మేల్కొలుపుతుంది. బార్లీ గింజలపై ఇది చాలా స్పష్టంగా రుజువైంది. మొలకల రసంలో మొక్కకు పనికివచ్చే పదార్థాలు ఉంటాయనడంలో నాకు అభ్యంతరం లేదు. ఏడు వందల గ్రాముల గింజ 200 లీటర్లలో కలిశాక ఆకుకు ఎంత అందుతుందన్నదే నా ప్రశ్న. ఆ మిశ్రమంలో మూత్రంలోని యూరియా ఎంత పనిచేస్తోంది, మొలకలు ఎంత పనిచేస్తున్నాయి? మీ సంఘంలో ఇంతమంది ఉన్నారు కదా, ఒకరు ఉత్త మూత్రం నీళ్లతో, ఒకరు మొలకలతో మాత్రమే కొట్టి చూడండి. ఆరేళ్ల అనుభవం ఉన్న మీరు చెప్పే ఫలితం నా పాఠాలకంటే విలువైనది.

ప్రకృతి సేద్యం, కళ్యాణదుర్గం
జూలై 9, ఉదయం 6:10

సరే సార్. వచ్చే సమావేశంలో ఇద్దరు ముగ్గురిని ఒప్పిస్తాను. ఒప్పుకోవడం కష్టమే, ఎవరి చేను వారికి ముద్దు. కొత్తిమీర, పాలకూర లాంటి ఆకుకూరలు వేసేవారికి మాత్రం ఒక మాట: మూత్రం కలిపినది కోతకు ముందురోజు కొట్టకండి. కనీసం ఐదు రోజులు వదలండి. తినేవాళ్లూ మనవాళ్లే.

చిత్రావతి
జూలై 9, రాత్రి 7:45

నా గోడు కూడా వినండి. రెండేళ్ల కిందట సముద్రపు పాచి రసం అని చెప్పి ఒక అంగడివారు లీటరు సీసా ఇచ్చారు. కాకరపై కొట్టాను. నాలుగు రోజుల్లో తీగ ముదురు పచ్చగా మారింది, పేనుబంక మొత్తం చచ్చింది. అద్భుతం అనుకుని మా తమ్ముడికీ ఇప్పించాను. ఆ వారమే ఇంట్లో కాకరకాయ కూర వండుకున్నాం, పిల్లలూ తిన్నారు. తరువాత తెలిసినవారొకరు, పాచి రసానికి పేనుబంక ఎలా చస్తుంది, అందులో పురుగుమందు కలిపి ఉంటారు అన్నారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. బిల్లు కూడా తీసుకోలేదు.

మట్టి మాస్టారు
జూలై 9, రాత్రి 9:30

మీ బాధ న్యాయమైనది. సముద్రపు పాచి రసం మంచి పదార్థమే. తమిళనాడులోని మండపం తీరంలో కప్పాఫైకస్ పాచిని పెంచి రసం తీస్తారు. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దానిపై ఏళ్ల తరబడి పనిచేసింది. చెడ్డది పాచి కాదు, ఆ పేరు చాటున అమ్మేది.

2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఆరో షెడ్యూలు చేర్చి, జీవ ఉత్తేజకాలను, అంటే మొక్క ఎదుగుదలను ప్రేరేపించే ఇలాంటి పదార్థాలను, మొదటిసారి చట్టం కిందికి తెచ్చింది. మొక్కల రసాలు, పాచి రసాలు అందులో ఒక వర్గం. ఇలాంటి వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం, అంటే పది కోట్ల పాళ్లలో ఒక పాలు, మించకూడదని నిబంధన. కాబట్టి సీసా మీద జీవ ఉత్తేజకం అని, దేనితో చేశారో, ఏ పంటకు ఎంత వాడాలో రాసి ఉండాలి. రాయనిది కొనకండి, బిల్లు లేకుండా అసలే కొనకండి. మొక్కల రసం కొట్టిన మరునాడే పురుగులు రాలిపోయాయంటే సంతోషపడవద్దు, అనుమానపడండి.

నల్లరేగడి, కర్నూలు
జూలై 11, ఉదయం 6:50

మాది ఉల్లి. నల్ల నేల. మునగ రసం ఉల్లి ఆకు మీద నిలుస్తుందా? నీళ్ల బొట్టు కూడా జారిపోతుంది కదా.

మరొక మాట. మా చేలో వయ్యారిభామ (పార్థీనియం) కలుపు విపరీతం. ఊరికే పీకి పారేసే బదులు దాని రసం తీసి కొడితే?

వేరు విద్యార్థి, అనంతపురం
జూలై 11, ఉదయం 8:30

వయ్యారిభామ వద్దన్నా! దానిలో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంటుంది. పక్కనున్న గింజలు మొలవకుండా, మొక్కలు ఎదగకుండా చేయడానికే అది దాన్ని తయారుచేసుకుంటుంది. చేతులకు దద్దుర్లు, ఊపిరికి ఇబ్బంది కూడా. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకి కంపోస్టు గుంతలో వేయండి. మొక్కల రసం అనగానే మొక్కకు మంచిది అనుకోకూడదు. యూకలిప్టస్ కింద ఏమి మొలుస్తుంది చెప్పండి?

మట్టి మాస్టారు
జూలై 11, ఉదయం 10:15

ఉల్లి ఆకుకు మైనపు పూత ఉంటుంది, అందుకే జారుతుంది. కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి పిసికిన నురుగు నీళ్లు పంపుకు ఒక గ్లాసు కలపండి, అంటుకుంటుంది. సబ్బు నీళ్లకంటే అదే నయం. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, సబ్బు విరిగి నాజిల్‌కు అడ్డం పడుతుంది. గడ్డ ఊరడం మొదలయ్యాక రసం ఆపేయండి. అప్పుడు మొక్క ఆకు పెంచడం మానుకుని గడ్డలోకి సర్దుకోవాలి. ఆ దశలో ఆకును ఇంకా పచ్చగా ఉంచితే మెడ లావెక్కి ఉల్లి నిల్వ ఉండదని నా భయం.

రాప్తాడు రైతు
జూలై 12, రాత్రి 8:00

మొదటి పిచికారీ ఈ సాయంత్రం ఐదున్నరకు అయింది. రసం సాళ్ల గుంజలకు ఎర్ర గుడ్డ, నీళ్ల సాళ్లకు తెల్ల గుడ్డ కట్టాను. ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరులో రుబ్బాం. రెండుసార్లు వడకట్టినా నాజిల్ అడ్డుపడింది, మూడోసారి పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టాక సాఫీగా వచ్చింది. కిలోంబావు కొమ్మలకు ముప్పావు లీటరు వచ్చింది. పిప్పి ఆవు ముందు వేస్తే ఇష్టంగా తింది.

ఎకరంన్నరకు కొట్టాలంటే మాత్రం గ్రైండరుతో అయ్యే పని కాదు.

మిద్దెతోట, కడప
జూలై 12, రాత్రి 8:40

చెరకు రసం బండివారిని అడిగి చూడండి. వానాకాలంలో వాళ్లకు బేరం తక్కువ. లేత కొమ్మలు ఆ రోలర్ల మధ్య బాగా నలుగుతాయి. తరువాత బాగా కడిగించే బాధ్యత మనది.

రాప్తాడు రైతు
ఆగస్టు 19, ఉదయం 6:00

మూడో పిచికారీ అయింది. ఇప్పటికి ఎర్ర గుడ్డ సాళ్లకు, తెల్ల గుడ్డ సాళ్లకు కంటికి తేడా కనిపించడం లేదు. పూత అన్నింటిలోనూ ఒకేలా ఉంది. తెల్లదోమ వచ్చింది, ముడత తెగులు అన్ని సాళ్లలోనూ పదీ పన్నెండు మొక్కలకు తగిలింది. పీకి పాతిపెట్టాను. నిరాశగా ఉంది, దాచడం ఎందుకు?

మట్టి మాస్టారు
ఆగస్టు 19, ఉదయం 8:20

ముడత తెగులు వైరస్. ఏ ఆకు రసమూ దాన్ని ఆపదు. పసుపు రంగు జిగురు అట్టలు పెట్టి తెల్లదోమను తగ్గించుకోండి. మిగతాదానికి తొందరపడవద్దు. జియాటిన్ పని ఎక్కువగా మొక్క అలసిపోయే దశలో తెలుస్తుంది. ప్రతి కోతా విడిగా తూచి రాయండి.

రాప్తాడు రైతు
అక్టోబరు 14, సాయంత్రం 6:30

కోతలు ముగిశాయి. అన్నీ మా ఇంటావిడ నోటు పుస్తకంలో రాసింది. నాలుగేసి సాళ్లకు మొత్తం లెక్క ఇది: రసం కొట్టినవి 66 క్రేట్లు, ఉత్త నీళ్లు 61, ఏమీ కొట్టనివి 60.

మొదటి ఐదు కోతల్లో మూడింటికీ తేడా లేదు. అసలు తేడా చివరి మూడు కోతల్లో వచ్చింది. తెల్ల గుడ్డ సాళ్లలో కింది ఆకులు పండి రాలుతుంటే ఎర్ర గుడ్డ సాళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి, కాయ మరీ గోలీకాయలంత చిన్నది కాలేదు. ఎవరికీ చెప్పకుండా మా మేనమామను తీసుకెళ్లి చూపిస్తే, గుడ్డలు చూడకుండానే ఏవి రసం సాళ్లో నాలుగింటిలో మూడు సరిగ్గా చూపించారు.

మట్టి మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 9:10

పుస్తకంలో రాసిన అమ్మకు నా నమస్కారాలు చెప్పండి. ఐదారు క్రేట్ల తేడా ఒక్క కాపులో నేల హెచ్చుతగ్గుల వల్ల కూడా రావచ్చు. అందుకే ఇంకో పంటకు సాళ్లు మార్చి మళ్లీ చేయండి. చివరి కోతల్లో తేడా రావడం మాత్రం జియాటిన్ స్వభావానికి సరిపోతోంది. ఈసారి మొదటి పిచికారీ మానేసి, కాపు మధ్యలో ఒకటి ఎక్కువ కొట్టి చూస్తారా?

రాప్తాడు రైతు
అక్టోబరు 15, ఉదయం 5:40

అలాగే మాస్టారూ. రబీలో అర ఎకరం వంగ వేస్తున్నాను, దానిలో చేస్తాను. చెట్లను నిన్ననే మళ్లీ నరికాను, నవంబరు చివరికి నలభై రోజుల చిగురు అందుతుంది.

నల్లరేగడి, కర్నూలు
అక్టోబరు 15, ఉదయం 6:25

అన్నా, మా గట్టు మీద ఒక్క మునగ చెట్టు కూడా లేదు. విత్తనం ఉంటే పంపగలరా?

రాప్తాడు రైతు
అక్టోబరు 15, ఉదయం 6:50

రెండు చెట్లు నరకకుండా విత్తనానికే ఉంచాను. కాయలు ఎండుతున్నాయి. వచ్చే నెలలో మా తమ్ముడు కర్నూలు వస్తున్నాడు, అతనితో పంపుతాను. నల్ల నేల కదా, నీళ్లు నిలవని చోట, గట్టు ఎత్తు మీద పెట్టండి.